మైనస్ 25 డిగ్రీల చలిలో ఆరుబయట ఆవులు: నెబ్రాస్కా ర్యాంచ్‌లో మా అమ్మాయి కాపురం

ఒంగోలు_అమ్మమ్మ
మా అమ్మాయి నెబ్రాస్కా రాష్ట్రంలో శాండ్‌హిల్స్ అనే గడ్డి దిబ్బల ప్రాంతంలో కాపురం ఉంటోంది. అల్లుడిది అక్కడ తరతరాలుగా పశువుల మీద బతికిన కుటుంబం. వ్యాలంటైన్ అనే చిన్న ఊరు తప్ప దగ్గర్లో చెప్పుకోదగ్గ ఊరు లేదు, ఇంటి ముందు నిలబడితే కనుచూపు మేరలో మరో ఇల్లు కనబడదు. ఈ జనవరి అంతా అమ్మాయి వీడియోలో మాట్లాడినప్పుడల్లా వెనకాల నాకు కనబడుతున్నది ఒక్కటే. బయట మైనస్ 25 డిగ్రీలు, ఈడ్చి కొట్టే గాలి, నల్లటి ఆవులు వీపుల మీద మంచు పేరుకుని ఆరుబయట నిలబడి ఉంటాయి. వాటికి కొట్టం లేదు, పాక లేదు.

మా పుట్టింట్లో మార్గశిరం వచ్చిందంటే మా నాన్నగారు పొద్దుగూకక ముందే పశువులను చావిట్లో కట్టేసి, చూడి ఆవుకు గోనెపట్టా కప్పి, ఈత దగ్గరపడితే పక్కనే నులక మంచం వేసుకుని పడుకునేవారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని కనుక ఇది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. అమ్మాయిని అడిగితే, "వీపు మీద మంచు కరగకుండా ఉంటే మంచిదేనమ్మా" అంటుంది. ఫిబ్రవరి చివర్లో అక్కడ ఈతలు మొదలవుతాయట, నేనూ సరిగ్గా అప్పటికే వెళుతున్నాను. పశువులను ఇలా వదిలేయడం ఆ దేశంలో మామూలేనా? వియ్యంకుడు గారి దగ్గర ఈ మాట ఎత్తవచ్చునా? అక్కడి సంగతులు తెలిసినవారు చెప్పండి.

డకోటా_పశువైద్యుడు
మీ అమ్మాయి చెప్పిన మాట అక్షరాలా సరైనదమ్మా. వీపు మీద పడిన మంచు కరగడం లేదంటే లోపలి వేడి బయటికి పోవడం లేదని అర్థం. నేను తిరుపతిలో పశువైద్యం చదివి, ప్రస్తుతం దక్షిణ డకోటాలో, మీ అమ్మాయి వాళ్లకు ఉత్తరాన ఇదే పని చేస్తున్నాను. మీరు చూసిన ఆ నల్లటి ఆంగస్ జాతి ఆవులకు శరదృతువు నుంచే లోపల మెత్తటి నూగు, పైన పొడవాటి వెంట్రుకలు కలిసి దట్టమైన బొచ్చు పెరుగుతుంది. అది పొడిగా ఉండి, ఆవు కండపట్టి ఉంటే, దాదాపు మైనస్ 8 డిగ్రీల వరకు ఆవుకు అదనంగా ఏమీ అక్కరలేదు. అదే బొచ్చు తడిసిందంటే, ప్లస్ 15 డిగ్రీల దగ్గరే ఒంటి వేడిని నిలుపుకోవడానికి అది శక్తిని ఖర్చు చేయవలసి వస్తుంది. చలి ఒక్కటే ఆవును చంపదు. తడి, గాలి చలితో కలిసినప్పుడే చంపుతుంది.

అంతకు మించి చలి పెరిగిన రోజున మేత పెంచుతారు. ఎండుగడ్డి కడుపులో పులిసేటప్పుడు పుట్టే వేడే ఆవుకు లోపలి కుంపటి. కొట్టం సంగతికి వస్తే, వందల పశువులను మూసిన కప్పు కింద కుక్కితే వాటి ఊపిరి తేమ, మూత్రం ఆవిరి కలిసి ఊపిరితిత్తుల జబ్బులు తెస్తాయి. వాటికి కావలసింది పైకప్పు కాదు, గాలికి అడ్డు. మీరు వెళ్లినప్పుడు చూడండి, వాయవ్యం వైపు చెట్ల వరుస గానీ, పలకల మధ్య సందులు వదిలి కట్టిన చెక్క గోడ గానీ తప్పకుండా ఉంటుంది.

గుండ్లకమ్మ_రైతు
పై వైద్యుడు గారు చెప్పినది ఆ జాతికి వర్తిస్తుంది, మన జాతికి వర్తించదు. ఈ రెండో మాట చెప్పకపోతే మన కుర్రాళ్లు ఎవరైనా చదివి కొట్టాలు పీకేస్తారు. ఒంగోలు ఆవుకు ఉన్నది పొట్టి వెంట్రుక, వదులు చర్మం, వేలాడే గంగడోలు. ఒంట్లోని వేడి బయటికి పోవడానికి పనికివచ్చే శరీరం అది. మే నెల ఎండలో మనం నీడకు పరుగెత్తుతుంటే అది తాపీగా మేస్తుంది, ధనుర్మాసం మంచుకు మాత్రం ముడుచుకుపోతుంది. అమ్మమ్మ గారి నాన్నగారు కప్పిన గోనెపట్టాకు కారణం ఉంది, అక్కడి వియ్యంకుడు గారు కప్పకపోవడానికీ కారణం ఉంది.

సందేహాల_పుట్ట
అంతా బాగానే ఉంది, కానీ ఒకటి నాకు మింగుడుపడటం లేదు. ఆంబోతును మందలోకి ఎప్పుడు వదలాలన్నది మనిషి చేతిలోని పని. తొమ్మిది నెలల లెక్క అందరికీ తెలుసు. ఏ మే నెలలోనో ఈనేటట్టు చూసుకోకుండా, గడ్డకట్టే ఫిబ్రవరిలో అప్పుడే పుట్టిన తడి దూడను మంచు మీద పడవేయడం ఎందుకు?

మోంటానా_కోడలు
ఈ ప్రశ్న మా ఇంట్లో ప్రతి చలికాలం భోజనాల బల్ల దగ్గర లేస్తుంది. మా మామగారు ఒక పక్షం, మా ఆయన మరో పక్షం. మామగారి వాదన ఇది: దూడలను అక్టోబరు, నవంబరు నెలల్లో తూకానికి అమ్ముతాము కనుక ఫిబ్రవరి దూడకు మే దూడ కన్నా రెండు మూడు నెలల ఎదుగుదల కలిసివస్తుంది. పైగా ఏప్రిల్ దాటితే కంచెల మరమ్మతు, పొలాలకు నీళ్లు పెట్టడం, ఆపైన గడ్డి కోతలు వరుసగా మీద పడతాయి, అప్పుడు ఈతల దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాయడానికి మనుషులు దొరకరు. గడ్డకట్టిన నేల మీద ఎండుగడ్డి పరిస్తే దూడ పొడిగా ఉంటుంది కానీ, మంచు కరిగిన బురదలో పడితే అంతకన్నా కష్టం. మా ఆయన మాత్రం మే నెలకు మారితే చలికాలం మేత ఖర్చు సగానికి సగం తగ్గుతుందంటారు. ఇంకా తేలలేదు.

తడి దూడ గురించి అడిగారు కనుక చెబుతున్నాను. నేను కొత్తగా కాపురానికి వచ్చిన చలికాలంలో, ఒక తెల్లవారుజామున మామగారు కాలువ ఒడ్డున పడి ఉన్న దూడను భుజాన వేసుకుని నేరుగా మా స్నానాల గదిలోకి తెచ్చి, తొట్టెలో గోరువెచ్చని నీళ్లలో పడుకోబెట్టారు. తల మునిగిపోకుండా గడ్డం కింద చేయి పెట్టి పట్టుకోవడం నా పని. నోట్లో వేలు పెట్టి చూస్తే నాలుక రాయిలా చల్లగా తగిలింది. నీళ్లు చల్లారినకొద్దీ అత్తగారు వేడినీళ్లు కలుపుతూనే ఉన్నారు. చాలాసేపటికి ఆ నాలుక వెచ్చబడి నా వేలిని చుట్టుకుని చీకడం మొదలుపెట్టింది. అప్పుడు అత్తగారు, "ఇక తుడిచి పాలు పట్టు" అన్నారు. ఇంట్లో ఉన్న తువాళ్లన్నీ ఆ ఉదయం దూడకే సరిపోయాయి.

ఒమాహా_నివాసి
ఆ రోజు ఇంట్లోవారి స్నానాల సంగతి ఏం చేశారండీ?

మోంటానా_కోడలు
దూడ తరువాతే మనుషులు. ఈతల నెలలో మా ఇంటి నియమమే అది.

డకోటా_పశువైద్యుడు
ఫిబ్రవరా, మేనా అన్న తగువు మోంటానాలోనే కాదు, అమ్మమ్మ గారి అల్లుడి ప్రాంతంలోనూ ఉంది. శాండ్‌హిల్స్‌లోనే విట్‌మన్ దగ్గర నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారి గుడ్‌మండ్సెన్ పరిశోధన క్షేత్రంలో మార్చి ఈతల మందను, మే ఈతల మందను పక్కపక్కనే పెంచి పోల్చి చూశారు. మే మందకు దాచిన గడ్డి తక్కువ సరిపోతుంది, దూడలు చలికి చనిపోవడం తగ్గుతుంది. అయితే ఆ ఆవులు మళ్లీ చూడి కట్టవలసిన ఆగస్టు నాటికి పచ్చిక ముదిరి పస తగ్గిపోతుంది, ముఖ్యంగా పడుచు ఆవులు సరిగా కట్టవు. ఏ ఇంటి గడ్డిని, ఏ ఇంటి మనుషులను బట్టి ఆ ఇల్లు నిర్ణయించుకోవలసిందే.

తొట్టెలో దూడ గురించి ఒక్క మాట చేరుస్తాను. వేడి చేయడం ఎంత ముఖ్యమో జున్నుపాలు అంత ముఖ్యం. పుట్టిన తొలి ఆరు గంటల్లో పేగు ఆ పాలలోని రోగనిరోధక శక్తిని బాగా పీల్చుకుంటుంది, ఒక రోజు గడిస్తే ఆ ద్వారం మూసుకుపోతుంది. అందుకని ర్యాంచ్ ఇళ్లలో గడ్డకట్టించిన జున్నుపాలను శీతల పెట్టెలో దాచి ఉంచుతారు.

నల్లరేగడి
ఇంత ఆప్యాయంగా కాపాడిన దూడను చివరికి కబేళాకే కదా పంపుతారు? ఆ సంగతి ఎవరూ మాట్లాడటం లేదు కనుక అడుగుతున్నాను.

మోంటానా_కోడలు
అవును, మగదూడలు అటే వెళతాయి, ఈ పశుపోషణ ఉన్నదే మాంసం కోసం. నేను శాకాహారుల ఇంట్లో పుట్టాను, ఆ లారీ వచ్చే రోజు నాకు ఇప్పటికీ అన్నం సహించదు. కానీ ఉన్నన్నాళ్లు దాని బతుకు బాగుండాలని నడిరేయి లేచి వెళ్లే మనుషులను రోజూ చూస్తున్నాను కనుక, ఆ రెండింటినీ కలిపి ఒక్క మాటలో తేల్చేయడం నా వల్ల కాదు.

గుండ్లకమ్మ_రైతు
నల్లరేగడి గారూ, మన సంతల్లో అమ్ముడైన వట్టిపోయిన గేదె ఎక్కడికి వెళుతుందో మీకూ నాకూ తెలుసు. అడగవలసిన ప్రశ్నే అడిగారు, కానీ అది సముద్రానికి అవతల ఒక్కచోటే అడిగితే సరిపోదు.

వేదిక_నిర్వహణ
ఇది వేరే చర్చకు తగిన విషయం, అక్కడ తప్పక కొనసాగించండి. ఇక్కడ అమ్మమ్మ గారి ప్రశ్న మీదనే ఉందాము.

కాల్గరీ_తెలుగు
మాది ఆల్బెర్టా. ఇక్కడ చినూక్ అని ఒక వెచ్చటి గాలి రాకీ పర్వతాలు దిగి వస్తుంది, కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పెరిగిపోతుంది. మాకు పండుగలా ఉంటుంది కానీ, మా పొరుగు ర్యాంచ్ పెద్దాయనకు అదే దిగులు. పగలు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టేసరికి నేల అద్దంలా మారుతుంది, నిండు చూలాలైన ఆవు జారి పడితే తుంటి విరుగుతుంది. ఆయన "నిలకడైన చలి ఇవ్వు దేవుడా" అని ప్రార్థించడం నేను నా చెవులతో విన్నాను.

డకోటా_పశువైద్యుడు
ఆ పెద్దాయన భయం నాకు బాగా అర్థమవుతుంది. 2013 అక్టోబరు మొదటి వారంలో దక్షిణ డకోటా పశ్చిమ భాగాన్ని ముంచిన తుఫానులో వేలాది పశువులు చనిపోయాయి. అప్పటి చలి ఇప్పుడు అమ్మమ్మ గారు చూస్తున్న చలిలో పావు వంతు కూడా లేదు. పశువులకు ఇంకా చలికాలపు బొచ్చు రాలేదు, మందలు అడ్డులేని వేసవి బీళ్లలోనే ఉన్నాయి. ముందు గంటల తరబడి వాన కురిసి ఒళ్లంతా తడిపింది, ఆపైన పెనుగాలితో మంచు పడింది. గాలికి వీపు తిప్పి, అది తోసిన దిక్కుకే మైళ్ల కొద్దీ నడిచి, కంచెల మూలల్లో, వాగుల్లో గుట్టలుగా పడిపోయాయి. ఆ తరువాత ఇతర రాష్ట్రాల రైతులు తమ మందల్లోంచి చూడి పెయ్యలను లారీల్లో పంపించి, మందలు కోల్పోయిన ఇళ్లను నిలబెట్టారు.

ఒమాహా_నివాసి
2019 మార్చి మధ్యలో మా రాష్ట్రంలో వచ్చినది కూడా అలాంటిదే. తూర్పున వరదలు, పడమర మంచు తుఫాను, సరిగ్గా ఈతలు ముమ్మరంగా ఉన్న వారం. మా కార్యాలయంలో పనిచేసే ఒకాయన తల్లిదండ్రులకు ర్యాంచ్ ఉంది, ఆ వారమంతా ఆయన ఫోను చేతిలో పట్టుకునే తిరిగాడు. అటు తల్లి "ఇంకొకటి పోయింది" అని చెప్పడం, ఇటు ఆయన ఏమీ అనలేక వినడం. నెబ్రాస్కాలో మనుషుల కన్నా పశువులు మూడింతలకు పైగా ఎక్కువ. నగరంలో ఉన్నవారికి కూడా ఎవరో ఒకరి తాలూకు మంద ఉంటుంది.

సందేహాల_పుట్ట
మరి పూర్వం ఈ వాతావరణ సూచనలు, యంత్రాలు ఏవీ లేనప్పుడు ఎలా నెట్టుకొచ్చారు?

మోంటానా_కోడలు
ఒకప్పుడు నెట్టుకురాలేకపోయారు కూడా. 1886 వేసవిలో వానలు లేక గడ్డి మాడిపోయింది. అప్పటికే మైదానాల మీద పశువులు మోయలేనంత ఎక్కువగా ఉన్నాయి, చలికాలానికి గడ్డి కోసి దాచే అలవాటు చాలామందికి లేదు. 1887 జనవరిలో మంచు పడి, పైన కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టేసరికి కింద గడ్డి ఉన్నా మూతి ఆనలేదు. వసంతంలో చూస్తే వాగుల నిండా కళేబరాలే. పెద్ద పెద్ద కంపెనీలు ఆ ఏడాదితో మూతపడ్డాయి. మిగిలినవారు గడ్డి వాములు వేయడం, కంచెలు కట్టడం నేర్చుకున్నారు. మా మామగారు వేసవిలో గడ్డి కోత దగ్గర ఎవరైనా బద్ధకిస్తే ఆ సంవత్సరం పేరు ఎత్తుతారు.

ఒంగోలు_అమ్మమ్మ
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను వచ్చి చేరాను, ఇప్పుడు ఈ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. వైద్యుడు గారు చెప్పిన చెక్క గోడ ఉంది. గోడ ఇవతల నిలబడితే కొంగు కదలలేదు, అవతలికి అడుగు పెడితే ఊపిరి అందలేదు. వియ్యంకుడు గారితో మాట ఎత్తవలసిన అవసరమే రాలేదు, నా చూపు చూసి ఆయనే నన్ను తీసుకెళ్లి, ఒక ఆవు మెడ దగ్గర బొచ్చులో నా చేతిని గుచ్చించారు. వేళ్లు రెండో కణుపు దాకా మునిగాయి, లోపల వేడిగా ఉంది.

ఇక్కడి దినచర్య చెబుతాను. పొద్దున్నే అల్లుడు గొడ్డలి తీసుకుని బయలుదేరి నీటి తొట్టెల మీది మంచు పగలగొడతాడు. గాలిమర తోడిపోసే నీరు భూమిలోంచి వస్తున్నంతసేపు బాగానే ఉంటుంది, అంచుల వెంబడే గట్టిపడుతుంది. అర టన్నుకు పైగా బరువుండే గడ్డి చుట్టలను ట్రాక్టరు మీద తెచ్చి, దొర్లించుకుంటూ పరుస్తారు. ఆ మేత పొద్దున్న కాదు, పొద్దుగూకే వేళకు వేస్తున్నారు. ఎందుకని అడిగితే, సాయంత్రం మేత వేస్తే ఆవులు పగటిపూట ఈనుతాయని అమ్మాయి చెప్పింది. ఇది నిజమేనా, వైద్యుడు గారూ? మా నాన్నగారు వింటే ఎంత సంబరపడేవారో.

రాత్రి మాత్రం తొలిచూలు పెయ్యలను ఇంటి వెనక ఉన్న కొట్టం పక్కకు తోలుకొస్తారు. అన్నట్టు కొట్టం ఉంది, కాకపోతే అవసరం పడిన ఆవుకే. రెండు గంటలకొకసారి ఒకరు లేచి లైటు పట్టుకుని చూసి వస్తారు. అల్లుడు, అమ్మాయి, వియ్యంకుడు గారు వంతులు వేసుకున్నారు, అర్ధరాత్రి వంతు మా అమ్మాయిది. మొన్న తనతో నేనూ వెళ్లాను. ఒక పెయ్య మూలకు పోయి తోక ఎత్తి తిరుగుతోంది, ఎడమ కాలు ఒక్కటే కనబడుతోంది. అమ్మాయి మోచేతుల దాకా కడుక్కుని, లోపల మడతపడిన రెండో కాలిని సరిచేసి, పెయ్య ముక్కినప్పుడు మాత్రమే లాగుతూ, అది ఆగినప్పుడు తానూ ఆగుతూ దూడను బయటికి తీసింది. గడ్డిపరక ముక్కులో పెట్టి తుమ్మించింది. చిన్నప్పుడు బల్లిని చూసి మంచం ఎక్కే పిల్ల. ఇదంతా ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

అల్లుడి తాతగారు ఎనభై దాటినవారు. ఆయన 1949 సంగతి చెప్పారు. ఆ జనవరిలో మొదలైన మంచు తుఫాను నాటికి ఆయన బడికి వెళ్లే పిల్లవాడు. ఇంటికీ కొట్టానికీ మధ్య తాడు కట్టుకుని, దాన్ని పట్టుకునే నడిచేవారట. ఊపిరి ముక్కుల దగ్గరే గడ్డకట్టి పశువులు నిలబడినచోటే ఊపిరాడక పోయాయట. సైన్యం బుల్డోజర్లతో దారులు తీసింది, విమానాలు గడ్డి మోపులు జారవిడిచాయి. "ఆకాశం నుంచి గడ్డి పడటం చూసి మా అమ్మ ఏడ్చింది" అన్నారాయన. ఆయన మాటలు అమ్మాయి నాకు తెలుగులో చెబుతుంటే, నేను దివిసీమ ఉప్పెన తరువాత హెలికాప్టర్ల నుంచి పొట్లాలు వేసిన సంగతి చెప్పాను, అది అమ్మాయి ఆయనకు చెప్పింది. చాలాసేపు అలా కూర్చున్నాము.

డకోటా_పశువైద్యుడు
సాయంత్రం మేత సంగతి నిజమేనమ్మా. కెనడాలోని మానిటోబాలో కొనెఫాల్ అనే రైతు 1970ల్లో గమనించి చెప్పిన పద్ధతి అది. తరువాత ఐయోవాలో 15 మందల్లోని 1,331 ఆవులకు పొద్దుగూకే వేళ మాత్రమే మేత వేసి చూస్తే, 85 శాతం దూడలు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 లోపు పుట్టాయి. రాత్రి కడుపు నిండా మేత ఉన్న ఆవు ఈతను కాస్త వాయిదా వేసుకుంటుందనుకోవచ్చు. మిగిలిన 15 శాతం కోసమే మీ అమ్మాయి అర్ధరాత్రి లేస్తోంది.

గుండ్లకమ్మ_రైతు
ముక్కినప్పుడే లాగడం, ఆగినప్పుడు ఆగడం. ఆ ఒక్క ముక్క చాలు, అమ్మాయికి పని వచ్చునని చెప్పడానికి. మా ఊళ్లో తొందరపడి లాగి ఆవును పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

కాల్గరీ_తెలుగు
అమ్మమ్మ గారూ, అక్కడ దూడల చెవులు గడ్డకట్టకుండా ఏం చేస్తున్నారు? మా పొరుగు మందలో సగం పెద్ద ఆవులకు చెవి కొసలు లేవు.

ఒంగోలు_అమ్మమ్మ
తొడుగులు వేస్తున్నారు. వియ్యపురాలు కొన్నవి చాలక, నేను మనవరాలి పాత బొంతను కత్తిరించి కుట్టుమిషను మీద మరికొన్ని కుట్టాను. రెండు చెవులూ వెనక్కి పడుకునేలా సంచిలాంటిది, గడ్డం కింద మెత్తటి రబ్బరు పట్టీ. పట్టీ బిగుతైతే పాలు తాగదు, వదులైతే తల్లి నాకి ఊడగొడుతుంది. రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలని వియ్యపురాలు చూపించారు. మనవరాలు ఏ దూడకు ఏ రంగు తొడిగామో పుస్తకంలో రాస్తోంది. పసుపు పూల తొడుగుది దాని సొంత పెయ్య, దాన్ని అమ్మరట.

రేపు పొద్దున ఇంకా ఈనని ఆవులను వేరే బీడుకు తోలుతున్నారు. ఈనినవి, దూడలు ఉన్నచోటే ఉంటాయట. దూడలకు పారుడు అంటకుండా వారానికొకసారి అలా మారుస్తామని అల్లుడు చెప్పాడు. నన్ను గేటు దగ్గర నిలబడి తల్లీదూడలు అటు రాకుండా చూడమన్నారు.

డకోటా_పశువైద్యుడు
అది ఆ ప్రాంతంలో పుట్టిన పద్ధతే, ఇప్పుడు చాలా చోట్ల పాటిస్తున్నారు. పెద్ద దూడల పేడలోని క్రిములు కొత్త దూడలకు చేరకుండా ఉండాలంటే, కొత్త దూడ శుభ్రమైన నేల మీద పుట్టాలి. మీరు గేటుకు లోపలి వైపు కాక బయటి వైపు నిలబడండి. తల్లికీ దూడకూ మధ్యలోకి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి, ఆంగస్ తల్లి తల దించిందంటే గేటు మూసేయండి.